పెసరట్టు మీద నింద

నేను ఒక రాయిని. కొండరాయిని కాదు, ఉంగరంలో పెట్టుకునే రాయిని అంతకన్నా కాదు. మనిషి కడుపులో పుట్టిన రాయిని. నవ్వకండి. మీలో ఎందరి కడుపుల్లో మా వాళ్లు కాపురం ఉంటున్నారో మీకేం తెలుసు? మాది గుట్టుగా బతికే జాతి. చాలామంది మేమున్నామన్న సంగతే తెలియకుండా నిండు నూరేళ్లూ బతికి వెళ్లిపోతారు. నా ఖర్మ కొద్దీ నాకు మాత్రం ఊరందరి నోటా పడే యోగం పట్టింది.

నేను పుట్టింది నూకరత్నం కడుపులో. సామర్లకోట స్టేషను రోడ్డులో టిఫిను హోటలు నడిపే మనిషి ఆవిడ. హోటలంటే మేడలూ అద్దాలూ అనుకునేరు. నాలుగు బల్లలు, ఒక పెనం, ఆ పెనం వెనక నూకరత్నం. రైలు దిగినవాళ్లు ఇళ్లకు పోకుండా ముందు ఆమె పెసరట్టు కోసమే వస్తారని ఆమె మొగుడు అబ్బులు చెప్పుకుంటాడు. అబ్బులు మాటల్లో సగం తీసెయ్యాలి. అయినా మిగిలిన సగం నిజమే.

పొద్దుటినుంచీ ఊరికంతా వడ్డించి, ఎండ నడినెత్తి దాటాక ఎప్పుడో తాను ఇంత చద్దన్నం తినేది. అదేమిటమ్మా అంటే, "వండేవాళ్లకి ఆకలుండదండీ" అనేది. ఆకలి ఉండకేం! తీరికే ఉండదు. మనిషి తిన్నప్పుడల్లా కాలేయం కింద వేలాడే చిన్న సంచీ తనలోని పసరును పేగులోకి పంపుతుంది. మనిషి వేళకి తినకపోతే ఆ పసరు పోవడానికి చోటు లేక అక్కడే నిలవ ఉంటుంది, చిక్కబడుతుంది, అడుగున మడ్డి కడుతుంది. ఆ మడ్డి గట్టిపడి నేనయ్యాను, నా తోబుట్టువులయ్యారు. పదిమందికి పెట్టిన చెయ్యి తన నోటి సంగతి మరిచిపోతే పుట్టే సంతానం మేము.

పుట్టింది మొదలు జైలే. చీకటి, జిగట, ఒకరి మీద ఒకరం. కాస్త కదిలితే గోడకి తగులుతాం. మేం తగిలితే నూకరత్నానికి డొక్కలో పోటు. ఏళ్ల తరబడి దానికి ఆవిడ పెట్టిన పేరు గ్యాసు. మన జనానికి గ్యాసు మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు. తల తిరిగినా గ్యాసే, గుండె పట్టేసినా గ్యాసే. వాము నమిలింది, సోడా తాగింది, చివరికి ఒక పొద్దున పెనం ముందే మెలికలు తిరిగి కూలబడింది. పెనం మీద అట్టు మాడి బొగ్గయింది. అబ్బులు ఆమెను ఆటోలో వేసుకుని కాకినాడ పరిగెత్తాడు.

అక్కడ డాక్టరు చక్రధరంగారు. మంచి హస్తవాసి. లోపలుండి చూసిన దాన్ని నేను చెబుతున్నాను, నమ్మండి. పొట్టకి చిన్న చిన్న గాట్లు పెట్టి, గాలి నింపి, గొట్టాలు దించి, చకచకా పని చేసుకుపోయారు. తీరా మా సంచీని కోసి బయటికి లాగేవేళ అది పుటుక్కున చిరిగింది. ఏళ్లకేళ్లు వాచి నానిన సంచీ మరి, చిరగక ఏం చేస్తుంది? మేమంతా చెల్లాచెదురయ్యాం. ఆయన విసుక్కోకుండా కడిగారు, నీళ్లు పీల్చారు, కనిపించినవాళ్లని కనిపించినట్టు ఏరారు. నేను మాత్రం దొర్లుకుంటూ పోయి కాలేయం వెనక మడతలో పడ్డాను.

నా సంతోషం చూడాలి అప్పుడు! జైలు గోడ కూలింది, అందరూ దొరికిపోయారు, నేనొక్కదాన్నే తప్పించుకున్నాను. బతికాను రా భగవంతుడా అనుకున్నాను. ఆ ముచ్చట గాట్లు కుట్టేసేదాకే. అన్ని దారులూ మూసుకున్నాక గానీ నాకు తెలిసిరాలేదు, నేను పడ్డది మునుపటికన్నా ఇరుకు గదిలోనని. పాత జైల్లో తోడుకి తోబుట్టువులైనా ఉండేవారు.

వాళ్లందరినీ ఒక సీసాలో వేసి అబ్బులు చేతికిచ్చారు. ఆసుపత్రుల్లో ఇదొక ఆచారం. పెళ్లిలో తాంబూలం ఇచ్చినట్టు ఆపరేషనుకి రాళ్ల సీసా ఇస్తారు. అబ్బులు ఆ సీసా పట్టుకుని వార్డులో మంచం మంచానికీ తిరిగాడు.

"చూడండి బాబూ, అన్నీ మా రత్నం కడుపులోయే! డాక్టరుగారు ఒక్కటంటే ఒక్కటి వదల్లేదండి" అని అతని గొంతు నాకు లోపలికి వినపడుతూనే ఉంది.

ఒక్కటి వదల్లేదట! నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

నా కొత్త గదికి ఒక పక్క గోడ కాలేయమే. ఇరుగుపొరుగుల్లో అంతటి పెద్ద దిక్కు లేదు. ఒంట్లో ఎక్కడ దెబ్బ తగిలినా, ఎక్కడ చీము పట్టినా ముందు దానికే కబురందుతుంది. కబురందగానే రక్తంలోకి దండోరా వేయిస్తుంది. ఆ దండోరానే డాక్టర్లు సి.ఆర్.పి. అంటారు, రక్తం తీసి అదెంత గట్టిగా మోగుతోందో అంకెల్లో కొలుస్తారు. ఆపరేషను మర్నాడు నూకరత్నం రక్తంలో అది గట్టిగానే మోగింది. మోగాలి కూడా. కోత పడ్డాక ఒళ్లు ఊరుకుంటుందా? రెండు మూడు రోజులకి దిగిపోయింది. కుడి భుజం లాగేస్తోందని ఆమె అంటే, పొట్టలో నింపిన గాలి వల్లేనమ్మా, పోతుందిలే అని నర్సు చెప్పింది. అదీ పోయింది. అన్నీ సవ్యంగా ఉన్నాయని ఇంటికి పంపేశారు. ఆమెతోపాటు నన్నూ పంపేశారు, పాపం వాళ్లకి తెలియక.

ఇంట్లో అప్పాయమ్మ ఉంది. అబ్బులు తల్లి. అత్తగారనగానే మీరు కళ్లెర్రజేయకండి. కన్నకూతుర్ని చూసుకున్నట్టు చూసింది కోడల్ని. తల దువ్వింది, వేణ్నీళ్లతో ఒళ్లు తుడిచింది, మంచం దిగితే అరిచింది. ఆమెకున్న తెగులు ఒక్కటే, పథ్యం.

"పప్పు వాసన కూడా తగలకూడదు రత్నం. పచ్చి పుండు మీద పప్పు పడిందంటే చీము పట్టుద్ది. చీము పట్టిందంటే మనిషి దక్కదు. నా మాటిను."

కందిపప్పు, మినప్పప్పు, పెసరపప్పు, ఏ డబ్బానూ వదలకుండా అటకెక్కించింది. హోటలుకి తాళం వేయించింది. రోజూ బీరకాయ, మిరియాల చారు, మళ్లీ బీరకాయ.

"అమ్మా, నూనె తగ్గించమన్నారు గానీ డాక్టరుగారు పప్పు ఊసే ఎత్తలేదే" అని అబ్బులు ఒకసారి నసిగాడు.

"ఆయనకేం తెలుసురా? ఆయన కోత్తాడు, పోతాడు. మాన్పుకోవలసింది మనం" అంది అప్పాయమ్మ. ఆ తర్వాత అబ్బులు ఆ ఊసెత్తితే ఒట్టు.

పెసరట్టు మీద బతికిన మనిషిని పెసలకి దూరంగా గదిలో కూర్చోబెడితే ఎలా ఉంటుందో చెప్పండి. కిటికీలోంచి చూస్తే తాళం వేసిన తన హోటలు. నోరు చచ్చిపోయింది. చేతులు ఊరికే ఉండలేక దుప్పటి అంచు నలిపేవి. పైన ఆమె, లోపల నేను, ఇద్దరం ఒకే ఇంట్లో ఖైదీలం. కనీసం ఆమెకి కిటికీ ఉంది.

ఒకరోజు అప్పాయమ్మ పెద్దాపురంలో ఎవరో చుట్టం పోతే పలకరించడానికి వెళ్లింది. నూకరత్నం చీర కొంగు నెత్తిమీదుగా కప్పుకుని, రైల్వే గేటు అవతలున్న హోటలుకి నడిచింది. తన గిరాకీ లాగేసుకుంటున్నాడని రోజూ తిట్టుకునే హోటలది. అందులో మూల బల్ల దగ్గర గోడవైపు తిరిగి కూర్చుని పెసరట్టు తింది. "అల్లం చాలదు, పిండి మరీ మెత్తగా రుబ్బేడు" అని గొణుక్కుంటూనే ఇంకోటి చెప్పి అదీ తింది. కళ్లనీళ్లు పెట్టుకుంది. కారానికో, ఆనందానికో మరి!

ఒక సంగతి నేను ప్రమాణం చేసి చెబుతాను. ఆ పెసరట్టు నా ఛాయలకి రాలేదు. అది పోయే దారి వేరు, నేను పడి ఉన్న మూల వేరు. కడుపులోకి వెళ్లింది, అరిగింది, దాని పని అది చూసుకుంది.

కానీ నా చుట్టూ అప్పటికే గొడవ మొదలైంది. నేను పరాయిదాన్నని ఒంటికి తెలిసిపోయింది. తెల్లకణాలు దండులా వచ్చి నన్ను చుట్టుముట్టాయి. మింగాలని చూశాయి. రాయిని ఎవరు మింగగలరు? వచ్చినవి వచ్చినట్టు చచ్చాయి. ఆ చచ్చినవన్నీ కలిసి చీమయ్యాయి. ఒళ్లు ఆ చీము చుట్టూ గోడ కట్టింది. అలా నాది మూడో జైలు, అదీ వేడి వేడి చీములో పీకల్దాకా మునిగి. కాలేయం మళ్లీ దండోరా మొదలుపెట్టింది. ఈసారి కోతకి కాదు, నాకు.

బయట నూకరత్నానికి సాయంత్రమయ్యేసరికి వణుకు, జ్వరం. కుడి డొక్కలో సలుపు. ఊపిరి గట్టిగా పీలిస్తే ప్రాణం పోయేంత నొప్పి. ఆవిడకి తోచిన కారణం ఒక్కటే, పెసరట్టు. అత్త చెప్పింది చెప్పినట్టే జరిగింది కదా! పప్పు తింది, చీము పట్టింది. తనకి తనే చేసుకుంది. అత్త తిడుతుందని కాదు ఆవిడ భయం. తిట్లకి భయపడే మనిషైతే స్టేషను రోడ్డులో హోటలు నడపదు. తన ఒళ్లు తుడిచిన ఆ ముసలిదాని మొహంలోకి చూసి "నీ మాట కాదని దొంగతనంగా తిన్నాను" అని ఎలా చెప్పడం? సిగ్గుతో చచ్చిపోయింది. నొప్పి మింగేసింది. జ్వరం బిళ్లలు తలగడ గలీబులో దాచుకుని, అత్త నుదురు ముట్టుకుని చూసే వేళకి ముందే ఒకటి వేసుకునేది. "ఒళ్లు చల్లగా ఉంది, నా పథ్యం మహిమ" అని అప్పాయమ్మ మురిసిపోయేది.

లోపల నేను గొంతు చించుకున్నాను. "పెసరట్టు కాదే పిచ్చిదానా, నేను! నేనున్నానిక్కడ!" రాయి అరిస్తే వినేదెవరు? ఆ చీము గోడ పగిలిందంటే, పగిలి రక్తంలో కలిసిందంటే, నూకరత్నం దక్కదు. ఆమె పోతే నన్ను కూడా ఆమెతోనే కాలుస్తారు. నాకు నిజంగా భయం వేసింది, నా కోసమూ, ఆమె కోసమూ.

మళ్లీ చూపించుకోవలసిన రోజు వచ్చింది. అబ్బులూ అప్పాయమ్మా ఆమెను తీసుకుని కాకినాడ వెళ్లారు. ఆటో ఎక్కేముందు నూకరత్నం పెరట్లోకి వెళ్లి బిళ్ల మింగింది. అక్కడ థర్మామీటరు పెడితే జ్వరం లేదు. రక్తం తీశారు. కాసేపటికి ల్యాబు కాగితం వచ్చింది. అబ్బులు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పోయినసారికంటే ఎక్కువొచ్చిందండి. మంచిదేనాండి?" అన్నాడు డాక్టరుగారితో.

"ఇది పరీక్ష మార్కులు కాదయ్యా, ఎక్కువొస్తే సంబరపడ్డానికి" అని చక్రధరంగారు కాగితం అందుకున్నారు. చూడగానే ఆయన మొహం మారింది. "ఈ సి.ఆర్.పి. ఆపరేషనప్పుడు పెరిగింది, దిగింది. అంతవరకూ బాగానే ఉంది. దిగింది మళ్లీ ఇంతెత్తు ఎందుకు లేచింది? తెల్లకణాలు కూడా పెరిగాయి. జ్వరం వస్తోందా అమ్మా?"

"లేదండి."

"నొప్పి?"

"అబ్బే, లేదండి. బాగానే ఉన్నాను."

"రోజూ ముట్టుకుని చూత్తన్నాను బాబూ, చల్లగా ఉంటంది" అని అప్పాయమ్మ సాక్ష్యం పలికింది.

డాక్టరుగారు ఆలోచనలో పడ్డారు. రక్తం ఒకటి చెబుతోంది, మనిషి ఇంకొకటి చెబుతోంది. "ల్యాబులో పొరపాటేమో. మందులు రాసిస్తాను, వచ్చేవారం మళ్లీ తీద్దాం" అని కలం తీశారు. వచ్చేవారమా! నా చుట్టూ ఉన్న గోడ అప్పటికే ఉబ్బి పల్చబడుతోంది. కాలేయం దండోరా వేసి వేసి డప్పు చిరిగేలా ఉంది. అయిపోయింది, ఇక్కడితో మా ఇద్దరి కథా సరి అనుకున్నాను.

ఆయన రెండు మాటలు రాసి ఆగారు. కాగితం వైపు ఇంకోసారి చూసి, "ఎందుకైనా మంచిది, అలా పడుకోమ్మా" అన్నారు. పక్కటెముకల కింద చెయ్యి పెట్టి నొక్కారు.

నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుంది. అరుపు బయటికి రాలేదు గానీ కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారి చెవుల్లోకి పోయాయి.

"ఏటే రత్నం! ఏవయిందే!" అని అప్పాయమ్మ గాభరాగా ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకోవడంతో కోడలి గట్టు తెగిపోయింది.

"అత్తా, నన్ను తిట్టకు. నువ్వు పెద్దాపురం వెళ్లిన్నాడు గేటవతల పెసరట్టు తినేసేను. రెండు తిన్నాను. అప్పట్నించీ జొరం, నొప్పి. బిళ్లలేసుకుని దాచేను. చీము పట్టేసింది అత్తా, నేనే చేజేతులా తెచ్చుకున్నాను. నీకు మొహం చూపించలేక చెప్పలేదు."

అప్పాయమ్మ చెయ్యి వదిలేసింది. మొహం తెల్లగా పాలిపోయింది. తిడుతుందని అందరూ చూశారు. తిట్టలేదు. గోడకి జారబడి, "అయ్యో, మళ్లీనా?" అంది. ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు.

"పెసరట్టుతో చీమేంటమ్మా!" అని డాక్టరుగారు కసిరి, అప్పటికప్పుడు స్కానింగుకి పంపారు. ఆ తెర మీద మొదటిసారిగా ఒక మనిషి నన్ను చూశాడు. చీము మధ్యలో తెల్లగా, గుండ్రంగా, నేను.  డాక్టరుగారు బయటికి వచ్చి అబ్బులు ముందు నిలబడి, "ఇది మొన్న నా చేతిలోంచి జారిపోయిన రాయి. నేను చూసుకోలేదు. ఇవాళే తీసేస్తాను" అన్నారు. డాక్టరు నోట అంత తిన్నగా ఆ మాట వచ్చేసరికి అబ్బులుకి కోపం తెచ్చుకోవడం కూడా చేతకాలేదు. "సరేనండి" అన్నాడు.

తీశారు. ఆ చీమంతా కడిగి నన్ను పైకి లాగినప్పుడు ఎంత వెలుతురు! కళ్లుంటే మూసుకునేదాన్ని. మర్నాటికి కాలేయం దండోరా ఆపలేదు గానీ గొంతు తగ్గించింది. ఆ మర్నాటికి ఇంకా తగ్గించింది. నూకరత్నం గట్టిగా ఊపిరి పీల్చి వదిలి, "అమ్మయ్య" అంది.

ఆ రోజు డాక్టరుగారు నన్ను సీసాలో వేసి తెచ్చి, ఈసారి అబ్బులుకి కాదు, అప్పాయమ్మ చేతిలో పెట్టారు.

"ఇదిగోనమ్మా దొంగ. చీము పట్టింది దీనివల్ల. తప్పు ఎవరిదైనా ఉంటే నాది, పెసరట్టుది కాదు. కోడలికి శుభ్రంగా పప్పు పెట్టండి. మీరు అంత భయపెట్టకపోతే ఆమె జ్వరం వచ్చిన్నాడే చెప్పేది."

అప్పాయమ్మ నన్ను చూడలేదు. డాక్టరుగారి వైపే చూస్తోంది.

"పప్పుతో చీము పట్టదా బాబూ?"

"పట్టదమ్మా."

"అసలు పట్టదా?"

"అసలు పట్టదు."

"బాలింతకైనా?"

"ఎవరికైనా సరే. బాలింతకైతే అడిగి మరీ పెట్టాలి. బలం" అని నవ్వి, ఆయన వేరే మంచం దగ్గరికి వెళ్లిపోయారు. తానేం చెప్పారో ఆయనకి తెలియదు.

అప్పాయమ్మ నేల మీద కూలబడింది. నేను ఆమె గుప్పిట్లో ఉన్నాను.

"లోవకి నేనే పెట్టేనే" అంది.

లోవకుమారి అబ్బులు అక్క. పురిటిలో పోయిందని ఇంట్లో అందరికీ తెలుసు. అంతకన్నా ఎవరికీ తెలియదు. ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"పిల్లాణ్ణి కని పడుకుంది. నోరు చేదుగా ఉందమ్మా, ముద్దపప్పు అన్నం ఒక్క ముద్ద పెట్టవే అని ఏడ్చింది. పథ్యవని తెలుసు. తెలిసీ కలిపి పెట్టేను. ఆ సాయంత్రవే జొరం అందుకుంది. మరి దిగలేదు. మీ మావ పోయేదాకా, 'చేతులారా చంపుకున్నావే దాన్ని' అనేవాడు. నేనూ అదే అనుకున్నాను. నా చేత్తో నేనే చంపుకున్నాననుకున్నానే ఇన్నేళ్లూ!"

అబ్బులు వచ్చి తల్లి పక్కన నేల మీద చతికిలబడి, ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు. నూకరత్నం మిగిలిన చీము కారడానికి డొక్కలో పెట్టిన గొట్టంతోనే మంచం అంచుకి జరిగి, అత్త నెత్తిని తన వైపు లాక్కుంది. "పెట్టడం మంచిదే అయింది అత్తా. అడిగింది తినే వెళ్లింది" అంది. అప్పుడు ఆ ముసలామె పెద్దగా ఏడ్చింది. వార్డంతా తిరిగి చూసినా పట్టించుకోలేదు.

ఇప్పుడు నేను హోటలు గల్లాపెట్టె పక్కన సీసాలో ఉంటున్నాను, నా తోబుట్టువుల మధ్య. నాలుగో జైలు. మళ్లీ ఒకరి మీద ఒకరం. గాజు గోడ కాబట్టి లోకం కనిపిస్తుంది, అదొక్కటే నయం. అబ్బులు గిరాకీలకి నన్ను ప్రత్యేకంగా చూపిస్తాడు. నా పరిమాణం నెలనెలా పెరుగుతోంది, అతని మాటల్లో.

కానీ నాకు గుర్తుండిపోయింది హోటలు మళ్లీ తెరవకముందు, నా సీసా ఇంకా ఇంట్లోనే ఉన్న ఒక రోజు. నూకరత్నం ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్త. అప్పాయమ్మ అటక మీది డబ్బాలన్నీ దింపించింది. ముద్దపప్పు వండి, నెయ్యి వేసి, వేడి వేడి అన్నంలో కలిపి కోడలి ముందు కూర్చుంది. ముద్ద చేసిన చెయ్యి పైకి లేవలేదు. లేచింది, మళ్లీ కంచంలోకి దిగింది. నూకరత్నం ఏమీ అనకుండా నోరు తెరిచి కూర్చుంది. చివరికి అప్పాయమ్మ ఆ ముద్ద పెట్టింది. ఇంకోటి పెట్టింది. తర్వాత చెయ్యి కడుక్కుని వచ్చి కోడలి నుదుటి మీద అరచెయ్యి వేసి కూర్చుంది. మధ్యాహ్నమంతా తియ్యలేదు. నూకరత్నం కదలకుండా పడుకుంది, కాసేపు నిద్ర కూడా పోయింది. దీపాలు పెట్టే వేళయింది. అప్పాయమ్మ ఈ చేత్తో చూసింది, ఆ చేత్తో చూసింది, తన బుగ్గ ఆనించి చూసింది.

"రాలేదు" అంది.

లేచి వెళ్లి, కంచంలో మిగిలిన ముద్ద చల్లారిపోయి ఉంటే, గుమ్మంలో కూర్చుని తాను తింది.